రీలు ఎంతసేపు కడగాలి?

నలుపు తెలుపు ఫిలిం మీద బొమ్మను బయటికి తెచ్చే రసాయనం డెవలపర్. అందులో రీలును ఉంచడాన్నే ఇక్కడ కడగడం అంటున్నాం. ఇల్‌ఫోర్డ్ హెచ్‌పీ5 ప్లస్ ఫిలింను ఐడీ-11 డెవలపర్‌లో 20 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలు కడగాలని ఆ కంపెనీ పట్టిక చెబుతుంది. అదే డెవలపర్‌లో సమానంగా నీళ్లు కలిపితే 13 నిమిషాలు, మూడింతలు కలిపితే 20 నిమిషాలు. కొడాక్ ట్రై-ఎక్స్ 400కు డీ-76లో ఆరుముప్పావు. ఈ అంకెలను సెకను కూడా తేడా రాకుండా పాటించిన ఇద్దరిలో ఒకరికి చక్కటి నెగెటివ్ వస్తుంది, ఇంకొకరికి తెల్లచొక్కా మొత్తం ముద్దగా, గీత కూడా కనిపించకుండా వస్తుంది. పట్టిక తప్పు కాదు. కాకపోతే అది కంపెనీ ల్యాబులో, కంపెనీ థర్మామీటరుతో, కంపెనీ తిప్పినట్టే రీలున్న ట్యాంకు (మూత ఉన్న డబ్బా) తిప్పితే వచ్చే సమయం. ఇంట్లో స్నానాల గదిని డార్క్‌రూమ్‌గా మార్చుకున్న మనిషికి అది మొదలుపెట్టడానికి పనికొచ్చే అంకె, అంతే.

సరైన సమయం అంటే ఏమిటో ముందు తేల్చుకోవాలి. నెగెటివ్‌ను వెలుతురుకు ఎత్తి పట్టుకుని 'బాగుంది' అనుకోవడం చాలామందికి అలవాటు. కానీ చేతిలో అందంగా, దట్టంగా, మెరుస్తూ కనిపించే నెగెటివ్ చాలాసార్లు ఎక్కువ కడిగిన నెగెటివే. ప్రింటుకు బాగా పనికొచ్చేది చూడటానికి కాస్త పల్చగా, చప్పగా ఉంటుంది. కాబట్టి తీర్పు చెప్పాల్సింది కన్ను కాదు, కాగితం. మామూలు వెలుతురులో తీసిన బొమ్మ మామూలు కాగితం మీద, అంటే నలుపు తెలుపుల తేడాను మధ్యస్థంగా చూపే 2వ గ్రేడ్ మీద, పెద్దగా కుస్తీ పట్టకుండా ప్రింటు కావాలి. ఏ సమయానికి కడిగితే అలా అవుతుందో అదే ఆ ఫిలింకు, ఆ డెవలపర్‌కు, ఆ చేతికి సరైన సమయం.

ఈ విషయాన్ని లెక్కలోకి తెచ్చినవాళ్లు ఫెర్డినాండ్ హర్టర్, వీరో చార్లెస్ డ్రిఫీల్డ్. ఇద్దరూ ఇంగ్లండ్‌లో రసాయన పరిశ్రమలో పనిచేసేవాళ్లు. 1890లో వాళ్లు అచ్చువేసిన పరిశోధన ఫొటోగ్రఫీని చేతివాటం నుంచి కొలతల్లోకి లాగింది. ప్లేటు మీద పడిన వెలుతురుకూ అక్కడ పేరుకున్న వెండికీ ఉన్న సంబంధాన్ని వాళ్లు ఒక వంపుగీతగా గీశారు. కాలు దగ్గర మెల్లగా లేచి, మధ్యలో నిటారుగా పోయి, పైన భుజం దగ్గర వంగే ఆ గీత ఇప్పటికీ ప్రతి ఫిలిం వివరాల పత్రంలోనూ ఉంటుంది. ఎక్కువసేపు కడిగితే ఆ గీత నిలువుకు తిరుగుతుంది, తక్కువసేపు కడిగితే వాలుతుంది. ఆ వాలునే కాంట్రాస్ట్ అంటున్నాం.

దీని వెనక ఉన్న సంగతి తెలిస్తే మిగతాదంతా తేలిక. వెలుతురు తగిలిన వెండి లవణం రవ్వలను డెవలపర్ లోహపు వెండిగా మారుస్తుంది. నీడలు పడ్డచోట అలాంటి రవ్వలు కొద్దిగానే ఉంటాయి, తెల్లటి భాగాల్లో బోలెడు. సమయం పెంచితే ఉన్నదాని మీదే పెరుగుతుంది. ఉదాహరణకు నీడ దగ్గర డెన్సిటీ, అంటే నెగెటివ్ మీద నలుపు ఎంత దట్టమో చెప్పే కొలత, 0.15, తెల్లగోడ దగ్గర 0.9 ఉందనుకుందాం. ఇంకాసేపు ఉంచితే రెండూ మూడోవంతు పెరిగాయనుకుంటే నీడ 0.2 అవుతుంది, గోడ 1.2 అవుతుంది. నీడలో వచ్చిన తేడా కంటికి ఆనదు. గోడ దగ్గర వచ్చిన 0.3 మాత్రం సరిగ్గా ఒక స్టాప్, అంటే వెలుతురులో రెట్టింపు తేడా. పాత ఫొటోగ్రాఫర్లు నీడలకు ఎక్స్‌పోజర్ (ఫిలిం మీద పడనిచ్చే వెలుతురు) ఇచ్చి తెలుపులకు కడగమని చెప్పేది ఇందుకే. నీడలో వివరం రాకపోతే అది షట్టర్ నొక్కినప్పుడే పోయింది. దాన్ని ట్యాంకులో వెతకడం దండగ.

పుష్ చేయడంలో, అంటే ఫిలిం వేగం (వెలుతురుకు స్పందించే గుణం) డబ్బా మీది అంకె కన్నా ఎక్కువ అనుకుని తీసి ఎక్కువసేపు కడగడంలో, ఉన్న మాయ కూడా ఇక్కడే బయటపడుతుంది. డబ్బా మీద 400 అని ఉన్న హెచ్‌పీ5ను 1600 దగ్గర తీసి ఐడీ-11లో ఏడున్నరకు బదులు 14 నిమిషాలు కడగమని పట్టికలో ఉంటుంది. అలా చేస్తే మొహాలు, లైట్లు వస్తాయి. స్టేజీ వెనక చీకట్లో నిలబడ్డవాళ్లు రారు. ఫిలిం వేగం పెరగలేదు, కాంట్రాస్ట్ పెరిగింది. అది కావాలనుకుని చేస్తే మంచిదే, వేగం పెరిగిందని నమ్మితేనే చిక్కు.

పాత రోజుల్లో సమయాన్ని కంటితోనే పట్టేవాళ్లు. ఎరుపుకు స్పందించని ప్లేట్లు కాబట్టి ఎర్రదీపం కింద ట్రేలో ఊపుతూ చూడొచ్చు. అలా చూడటంలో కూడా లెక్క ఉంది. ఇంగ్లండ్‌లోని హెరెఫర్డ్‌కు చెందిన ఆల్ఫ్రెడ్ వాట్కిన్స్ 1890ల్లో ఒక పద్ధతి కనిపెట్టాడు. డెవలపర్ పోసినప్పటి నుంచి బొమ్మ తొలి జాడ కనిపించేదాకా ఎన్ని సెకన్లు పట్టిందో చూసి, దాన్ని ఆ డెవలపర్‌కు కట్టిన ఒక అంకెతో గుణిస్తే మొత్తం సమయం వస్తుంది. డెవలపర్లలో వాడే రసాయనాల్లో మెటాల్‌కు ఆ అంకె 30 దాకా, హైడ్రోక్వినోన్‌కు 5 చుట్టుపక్కల. మెటాల్‌లో బొమ్మ చటుక్కున కనిపించి మెల్లగా బలపడుతుంది, హైడ్రోక్వినోన్‌లో ఆలస్యంగా మొదలై గబగబా ఎక్కుతుంది కాబట్టి అంత తేడా. ఈ పద్ధతిలో గొప్పతనం ఏమిటంటే నీళ్లు వేడిగా ఉన్నా చల్లగా ఉన్నా తొలి జాడే ఆ తేడాను చాలావరకు తనలో కలిపేసుకుంటుంది. (ఈ వాట్కిన్సే తర్వాత ఇంగ్లండ్ పల్లెల్లో పాత కట్టడాలన్నీ సరళరేఖల మీద ఉన్నాయని పుస్తకం రాశాడు. ఆ వాదన నిలవలేదు, ఫొటో లెక్క నిలిచింది.) అన్ని రంగులకూ స్పందించే ఇప్పటి పాన్‌క్రొమాటిక్ ఫిలింను ఎర్రదీపం కింద విప్పితే రీలు మొత్తం నల్లబడుతుంది. అందుకే మూసిన ట్యాంకు, గడియారం, థర్మామీటరు మిగిలాయి.

మన దగ్గర అసలు తలనొప్పి థర్మామీటరుతోనే. పట్టికలన్నీ 20 డిగ్రీలకు రాసినవి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయనే ఊళ్లలో పైన ట్యాంకులోంచి వచ్చే నీళ్లు 35 దాటుతాయి. డెవలపర్ అచ్చం తోడు పెట్టిన పాల లాంటిది. ఎండాకాలం మూడు గంటల్లో గడ్డకట్టే పెరుగు చలికాలం తెల్లారేదాకా తోడుకోదు. రసాయనానికి గడియారం తెలియదు, వేడే తెలుసు. మెటాల్, హైడ్రోక్వినోన్ కలిసిన డీ-76, ఐడీ-11 లాంటి డెవలపర్లలో నాలుగు డిగ్రీలు పెరిగితే సమయం సుమారు 30 శాతం తగ్గుతుంది. ఏడున్నర నిమిషాలు 24 దగ్గర ఐదుంబావుకు దిగుతుంది. 30 దగ్గర లెక్క కడితే మూడు నిమిషాలే. అయిదు నిమిషాల కన్నా తక్కువ సమయంతో కడిగితే పోయడానికీ పారబోయడానికీ పట్టే పది పదిహేను సెకన్లే పెద్ద వాటా అయిపోతాయి. ఆకాశం చారలు చారలుగా వస్తుంది.

దీనికి అందరూ చెప్పే మందు ఐసు. డెవలపర్‌లో ఐసు ముక్కలు వేయడం కాదు, అలా వేస్తే పలచబడిపోతుంది. సీసాలను బకెట్ నీళ్లలో నిలబెట్టి ఆ బకెట్‌లో ఐసు వేస్తారు. 20కి దించడం సాధ్యమే, కానీ పది నిమిషాల పాటు దాన్ని అక్కడే ఆపడం కష్టం. ట్యాంకు పట్టుకున్న అరచేయి కూడా దాన్ని వేడెక్కిస్తూ ఉంటుంది. పైగా 20లో డెవలపర్ పోసి, తర్వాత 34 డిగ్రీల కుళాయి నీళ్లతో కడిగితే ఎమల్షన్ (ఫిలిం మీది వెండి లవణాల పొర) ఒక్కసారిగా ఉబ్బి, ఎండిన చెరువు మట్టిలా సన్నటి పగుళ్లు పడే ప్రమాదం ఉంది. అన్ని ద్రావణాలూ, కడిగే నీళ్లతో సహా, ఒకదానికొకటి రెండు మూడు డిగ్రీల లోపే ఉండటం ముఖ్యం.

అంతకన్నా తెలివైన దారి 20ని వదిలేయడం. ఏసీ గదిలో ఒక రాత్రి ఉంచిన నీళ్లు 25, 26 డిగ్రీల దగ్గర దానంతట అదే నిలుస్తాయి. ఇంట్లో ఏడాదిలో ఎక్కువ నెలలు తేలిగ్గా దొరికే వేడి ఏదో చూసుకుని, దాన్నే తన ప్రమాణంగా పెట్టుకుని, సమయాన్ని దానికి వెతుక్కోవాలి. ఇక్కడే నీళ్లు కలిపిన డెవలపర్ అక్కరకొస్తుంది. ఒకటికి ఒకటి కలిపిన ఐడీ-11లో హెచ్‌పీ5 13 నిమిషాలు కదా. 26 దగ్గర అది సుమారు ఏడున్నరకు వస్తుంది. చేతికి అందే, తొందర లేని సమయం. ఇంకా వేడిగా ఉంటే ఒకటికి మూడు కలపొచ్చు, 20 నిమిషాల సమయం 30 డిగ్రీల దగ్గర కూడా ఎనిమిది నిమిషాల దాకా ఉంటుంది. ఒక్క జాగ్రత్త. లీటరు ఐడీ-11కు పది రీళ్లు అని కంపెనీ లెక్క, అంటే రీలుకు 100 మిల్లీలీటర్ల అసలు డెవలపర్. ప్యాటర్సన్ చిన్న ట్యాంకులో ఒక 35 ఎంఎం రీలుకు పట్టేది 290 మిల్లీలీటర్లు. ఒకటికి మూడు కలిపితే అందులో అసలు డెవలపర్ 72 మాత్రమే. పెద్ద ట్యాంకు తీసుకుని ఒకే రీలు వేస్తే సరిపోతుంది. కొడాక్ కూడా డీ-76కు ఇలాంటి హెచ్చరికే చేసింది, సమానంగా నీళ్లు కలిపి చిన్న ట్యాంకులో 36 ఫ్రేముల రీలు వేస్తే సమయం పది శాతం పెంచమని.

ఇలా లెక్కగట్టిన ఏడున్నర కూడా అంచనానే. మెటాల్, హైడ్రోక్వినోన్ రెండూ వేడికి ఒకేలా స్పందించవు కాబట్టి 20 నుంచి దూరం జరిగేకొద్దీ లెక్క సడలుతుంది. దాన్ని బిగించడానికి ఒక్క రీలు ఖర్చు పెట్టాలి.

ఆ పరీక్షకు కావాల్సింది మారని వెలుతురు, ఒక ట్రైపాడ్, రెండు కొసలూ ఉన్న దృశ్యం. తెరిచిన తలుపు వెనక నీడలో ఒక ముదురు రంగు దుప్పటి, బయట తీగ మీద ఆరేసిన తెల్ల పంచె ఉంటే చాలు. దుప్పటి నేత నీడలకు సాక్షి, పంచె మడతలు తెలుపులకు సాక్షి. మామూలు ఎండ మంచిది, మిట్టమధ్యాహ్నపు నిప్పులు వద్దు. వెలుతురు కొలిచే మీటరులో ఫిలిం వేగాన్ని 400కు పెట్టి ఒకటి, 200కు ఒకటి, 100కు ఒకటి, 800కు ఒకటి తీయాలి. ఇవే నాలుగింటినీ రీలు అయిపోయేదాకా అదే వరుసలో మళ్లీ మళ్లీ తీస్తే ఏ ముక్క కోసినా అందులో నాలుగూ ఉంటాయి. 36 ఫ్రేముల రీలు పొడవు మీటరున్నరకు కొంచెం ఎక్కువ. చీకట్లో అర మీటరు చొప్పున మూడు ముక్కలు చేసి, రెండింటిని నల్ల డబ్బాలో దాచాలి. కోత ఏదో ఒక ఫ్రేము మధ్యలో పడుతుంది, పడనివ్వండి.

మొదటి ముక్కను అంచనా సమయానికి కడగాలి. ఆరాక ఎన్లార్జర్‌లో (నెగెటివ్‌ను పెద్దది చేసి కాగితం మీద వేసే యంత్రంలో) పెట్టాలి, కానీ ముందు బొమ్మను కాదు. ఫ్రేము పక్కన బొమ్మలేని ఖాళీ అంచు ఉంటుంది కదా, దాన్ని 2వ గ్రేడ్ కాగితం మీద రెండేసి సెకన్లు పెంచుతూ ముక్కలు ముక్కలుగా వేయాలి. ఒకచోటి నుంచి ఇంక నలుపు పెరగదు. ఆ మొదటి పూర్తి నలుపుకు పట్టిన సమయమే కొలబద్ద. ఎన్లార్జర్ ఎత్తు, లెన్సు ద్వారం మార్చకుండా అదే సమయానికి నాలుగు ఫ్రేములూ ప్రింటు చేయాలి. చూసి సర్దుకునే అవకాశం తనకు తాను ఇచ్చుకోకపోవడమే ఈ పరీక్షకు ప్రాణం. ప్రింటు సమయాన్ని కాస్త తగ్గించో గ్రేడు మార్చో బొమ్మను రక్షించడం మొదలుపెడితే, కడిగిన సమయం గురించి తెలిసేది ఏమీ ఉండదు.

ప్రింటు ఆరాక మొదట దుప్పటిని చూడాలి. 400 దగ్గర నేత కనబడకుండా నల్లగా ఉండి 200 దగ్గర కనిపిస్తే ఆ కెమెరాకు, ఆ మీటరుకు, ఆ డెవలపర్‌కు ఆ ఫిలిం 200. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. డబ్బా మీది ఐఎస్‌ఓ అంకెకు ఒక నిర్దిష్టమైన కాంట్రాస్ట్ షరతు ఉంది. నీడ బిందువు ఖాళీ ఫిలిం కన్నా 0.1 పైన ఉండాలి, అక్కడి నుంచి లాగరిథమ్ కొలతలో 1.3 యూనిట్లు ఎక్కువ వెలుతురు పడ్డచోట డెన్సిటీ ఇంకో 0.8 పెరగాలి. ఇంట్లో అంతకన్నా మెత్తగా కడిగితే వేగం కూడా కొంత తగ్గడం సహజం. నీడలు సరిగ్గా వచ్చిన ఫ్రేము ఏదో తేలాకే పంచె వైపు తిరగాలి. మడతలు పోయి తెల్ల కాగితంలా ఉంటే ఎక్కువ కడిగినట్టు. మడతలు ఉన్నా పంచె మురికి పట్టినట్టు బూడిదగా ఉంటే తక్కువ కడిగినట్టు. ఈ వరుస తిరగేసి ముందు తెల్లటి భాగాలు చూస్తే ఎక్స్‌పోజర్ తప్పు కడిగిన తప్పులా కనిపించి మనిషిని వారాల తరబడి తిప్పుతుంది.

తేడా ఎటు ఉందో చూసి రెండో ముక్కను 15 శాతం అటో ఇటో జరిపి కడగాలి. ఏడున్నర నిమిషాలైతే ఆరుంబావుకో ఎనిమిదిన్నరకో. చాలామందికి రెండో ముక్కతోనే దొరుకుతుంది. అరనిమిషం అన్నిచోట్లా ఒకే విలువ కాదని మాత్రం గుర్తుంచుకోవాలి. అయిదు నిమిషాల్లో అది పదోవంతు, ఇరవైలో అది కడిగేవాడి ఊపిరంత.

డెన్సిటీ కొలిచే డెన్సిటోమీటరు లేకపోయినా అంకెలు కావాలనుకునేవాళ్లకు ఒక చిట్కా ఉంది. లైట్ బాక్స్ మీద నెగెటివ్ పెట్టి, ఖాళీ అంచును ఒకసారి, పంచె ప్రాంతాన్ని ఒకసారి స్పాట్ మీటరుతో (చిన్నచోటు వెలుతురును మాత్రమే కొలిచే మీటరుతో) కొలవాలి. ఒక స్టాప్ తేడా అంటే 0.3 డెన్సిటీ. జోన్ సిస్టమ్ (నలుపు నుంచి తెలుపు దాకా ఉన్న మెట్లను బట్టి ఎక్స్‌పోజర్, కడిగే సమయం నిర్ణయించే పద్ధతి) పాటించేవాళ్లు వెలుతురును చెదరగొట్టి పంపే డిఫ్యూజన్ ఎన్లార్జర్ కోసం మడతలున్న తెలుపు దగ్గర ఖాళీ ఫిలిం కన్నా 1.25 నుంచి 1.35 దాకా ఎక్కువ కోరుకుంటారు, అంటే నాలుగు స్టాపులకు కొంచెం ఎక్కువ. కండెన్సర్ ఎన్లార్జర్ ఉంటే అంతకన్నా తక్కువ చాలు. గాజు కటకాలు కూడగట్టి పంపిన వెలుతురు వెండి రవ్వలకు తగిలి చెదిరిపోతుంది కాబట్టి దట్టమైన చోట్లు ఇంకా దట్టంగా ప్రింటు అవుతాయి. ఆండ్రే కాలియే 1909లో వివరించిన ఈ ప్రభావం వల్ల ఒకే నెగెటివ్ రెండు ఎన్లార్జర్లలో దాదాపు ఒక గ్రేడు తేడాతో కనిపించవచ్చు. స్నేహితుడి సమయం అరువు తెచ్చుకుంటే పనిచేయకపోవడానికి ఇదో ముఖ్య కారణం.

రెండో కారణం ట్యాంకు తిప్పే చేయి. ఇల్‌ఫోర్డ్ మొదటి పది సెకన్లలో నాలుగుసార్లు తలకిందులు చేసి, ఆపైన ప్రతి నిమిషం మొదట్లో మళ్లీ నాలుగుసార్లు చేయమంటుంది. టెన్షన్‌తో నిమిషానికి పదిసార్లు కాక్‌టెయిల్ కలిపినట్టు ఊపేవాళ్లు ఉంటారు. తెలుపుల దగ్గర డెవలపర్ త్వరగా అలసిపోతుంది, ఊపినప్పుడల్లా అక్కడికి కొత్తది చేరుతుంది. అంటే ఎక్కువ ఊపడం కూడా ఎక్కువసేపు కడగడమే. ఏ పద్ధతైనా పరవాలేదు, రేపు కూడా అదే ఉండాలి. థర్మామీటరుకూ ఇదే న్యాయం. ఒక డిగ్రీ తప్పు చూపించే థర్మామీటరు ఎప్పుడూ అదే తప్పు చూపిస్తే పరీక్షలో దొరికిన సమయం దాన్ని తనలో కలుపుకునే వస్తుంది. మధ్యలో థర్మామీటరు మార్చినప్పుడే కథ మొదటికొస్తుంది.

డెవలపర్ పాతబడటం అంతకన్నా దొంగచాటు వ్యవహారం. డీ-76 సూత్రం 1920ల నాటిది, లీటరుకు మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100, హైడ్రోక్వినోన్ 5, బోరాక్స్ 2. ఎవరైనా తూచి కలుపుకోవచ్చు. కానీ సగం ఖాళీ సీసాలో నెలలు ఉంచితే గాలి తగిలి క్షారగుణం పెరుగుతుంది. పాతదైతే బలహీనపడాలి కదా అనుకుంటాం, ఇది కొంతకాలం ఇంకా చురుగ్గా మారి కాంట్రాస్ట్ పెంచుతుంది. సీసాను నిండుగా, మూత దాకా ఉంచడం అందుకే. బోరు నీళ్ల కాఠిన్యం కూడా ఊరికో రకం. డెవలపర్ కలపడానికి డిస్టిల్డ్ వాటర్ వాడితే లెక్కలోంచి ఒక అనుమానం తగ్గుతుంది, ఖర్చు కూడా పెద్దది కాదు.

ఇక ఎండ. వైశాఖంలో మిట్టమధ్యాహ్నం తీసిన రీలూ శ్రావణంలో ముసురు పట్టినప్పుడు తీసిన రీలూ ఒకే సమయానికి కడగాలా? ఒక్కో బొమ్మకు ఒక్కో రేకుగా వచ్చే షీట్ ఫిలిం వాడేవాళ్లకు ప్రతి బొమ్మకూ విడిగా సమయం మార్చే స్వేచ్ఛ ఉంది. ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ కలిసి రూపొందించిన జోన్ సిస్టమ్ బలం అదే. 35 ఎంఎం రీలులో ముప్పైఆరు రకాల వెలుతురులు ఉంటాయి కాబట్టి ఒక్కో ఫ్రేముకు న్యాయం చేయలేం. మొత్తం రీలు మండుటెండలో తీసిందైతే ఒక స్టాప్ ఎక్కువ ఎక్స్‌పోజర్ ఇచ్చి, సమయం 15, 20 శాతం తగ్గించొచ్చు. కలగాపులగంగా ఉంటే పరీక్షలో దొరికిన సమయానికే కడిగి మిగతాది కాగితం గ్రేడులకు వదలాలి. గ్రేడులు ఉన్నది అందుకే.

ప్రింటు చేయకుండా స్కాన్ మాత్రమే చేసేవాళ్లకు 2వ గ్రేడ్ కాగితం అనే న్యాయమూర్తి ఉండడు. స్కానర్ కాంట్రాస్ట్ తక్కువ ఉన్నదాన్ని పెంచగలదు, కానీ దట్టంగా ముద్దయిన తెలుపులోంచి మడతలు తీయడానికి ఇబ్బంది పడుతుంది. వాళ్లు మూడో ముక్కను దొరికిన సమయం కన్నా ఇంకో పది శాతం తక్కువకు కడిగి, రెండింటినీ పక్కపక్కన స్కాన్ చేసి, పంచె మడతల దగ్గర పెద్దది చేసి చూసుకుంటే చాలు.